పాత ఇంటి మీద పది తప్పుడు సలహాలు

గోదావరి జిల్లాల్లో, కృష్ణా డెల్టాలో, ఉత్తరాంధ్రలో తాతలు కట్టిన పెంకుటిళ్లు ఇంకా చాలానే నిలబడి ఉన్నాయి. కొన్నింట్లో ముసలి తల్లిదండ్రులు ఉంటున్నారు, కొన్నింటికి తాళాలు వేలాడుతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఏదో ఒక పండక్కి అందరూ కలిసినప్పుడు జారిన చూరునూ ఊడిన పెచ్చులనూ చూసి, “ఈసారైనా ఇల్లు బాగుచేయించి ఇంకో రెండు గదులు వేసుకుందాం” అనుకుంటారు. ఆ మాట బయటికి రాగానే సలహాలు మొదలవుతాయి. మేస్త్రి ఒకటి చెప్తాడు, బావగారు ఒకటి, సిమెంటు కొట్టాయన ఇంకొకటి.

వీళ్లెవరికీ మీ ఇంటిమీద కక్ష లేదు. అయినా ఆ సలహాల్లో ఎక్కువ భాగం ఇంటికి చేటు చేసేవే. అవన్నీ ఖాళీ స్థలంలో పిల్లర్లు లేపి కట్టే కొత్త ఇంటికి పనికొచ్చేవి కావడమే కారణం. పాత ఇంటి లెక్క వేరు. అక్కడ బరువు మోసేవి గోడలే. తడిని పీల్చేవీ, ఆరబెట్టేవీ ఆ గోడలే. వాటిమీద హక్కు ఒకరిది కాదు, పదిమందిది. నీరు, బరువు, హక్కు: ఈ మూడింటి దారీ తెలియకుండా పాత ఇంటిమీద తాపీ పెట్టకూడదు. తరచుగా వినిపించే పది సలహాలను ఈ మూడు కొలతలతో చూద్దాం.

1. “గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించండి, చెమ్మ దెబ్బకు పోతుంది”

అన్నిటికంటే ఎక్కువ ఇళ్లను పాడుచేసిన సలహా ఇదే. పాత గోడను మట్టి అడుసుతోనో సున్నపు గచ్చుతోనో కట్టారు. పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆవిరై పోతుంది. ఎక్కే తడి, ఆరే తడి సమానంగా ఉన్నన్నాళ్లూ గోడకు ఢోకా లేదు. సిమెంటు పూత ఈ లెక్కను తప్పిస్తుంది. అది ఆవిరిని అంత సులువుగా వదలదు. దాంతో తడి లోపలే చిక్కి పైకి పాకుతుంది, మోకాలెత్తున ఉన్న చెమ్మ నడుమెత్తుకు వస్తుంది. తడితోపాటు వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని ఇటుకను పిండి చేస్తుంది. కొన్నేళ్లకు పూత పలకలుగా ఊడుతుంది, దాంతో పాటే ఇటుక ముఖమూ ఊడి వస్తుంది. కంటికి కనపడని నష్టం ఇంకా పెద్దది. గోడలో కూర్చున్న దూలాల కొసలు ఆ తడిలోనే నాని పుచ్చిపోతాయి.

హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ 2013లో మొదలైంది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిపించి, మళ్లీ సున్నపు గచ్చు పూయించడం. రాతి కట్టడాలకే సిమెంటు పూత పడనప్పుడు మట్టి అడుసు గోడకు అసలే పడదు.

ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా? పెరడు వాలు ఇంటివైపు ఉందా? సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి మట్టం పెరిగి, మీ ఇల్లు పల్లమైపోయిందా? చాలా ఊళ్లలో చెమ్మకు అసలు కారణం ఇదే. చూరుకు తొట్టి కట్టించి నీటిని దూరంగా వదలండి. గోడ పక్కన పేరుకున్న మట్టిని తీయించి, బయటికి వాలు పెట్టించండి. తర్వాత పాత సిమెంటు పూతను ఒలిపించి, ఒక ఎండాకాలమంతా గోడను ఆరనివ్వండి. ఆ పైనే సున్నపు పూత.

సున్నానికి పల్నాడులోని పిడుగురాళ్ల పేరుపొందిన చోటు. బట్టీ సున్నాన్ని విరగబెట్టి, కనీసం వారం పది రోజులైనా నాననిచ్చి వాడాలి. విరగబెట్టేటప్పుడు అది సలసలా కాగి చిందుతుంది. ఆ పని చేసేవాళ్లకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరిగా ఇవ్వండి.

2. “పెంకులు దింపేసి రేకులు వేసేయండి, ఏటేటా సర్దించే బాధ ఉండదు”

పెంకు సర్దించడం ఖర్చే. కోతుల బెడదా నిజమే, పెంకు పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్న మాటా నిజమే. కానీ రేకు వేశాక ఆ గదుల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట ఉండలేరు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. రేకు ఎండను నేరుగా గదిలోకి దింపుతుంది. ఇక ఏసీ పెట్టాలి, దానికి ఫాల్స్ సీలింగ్ వేయాలి. ఆ సీలింగు పైన వాసాలకు చెద పట్టినా, కారుతున్నా ఎవరికీ కనపడదు.

కోస్తాలో గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. భవనాల మీద గాలి భారానికి సంబంధించిన జాతీయ ప్రమాణం విశాఖపట్నం, విజయవాడలకు సెకనుకు 50 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను లెక్కలోకి తీసుకోమంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు తేలిక కప్పులకు ఏ గతి పట్టిందో అక్కడివాళ్లు కళ్లారా చూశారు. పెంకు కప్పుకు బరువే కొంత రక్ష. కొన్ని పెంకులు ఎగిరినా కప్పు నిలుస్తుంది. సరిగా బిగించని రేకు మొత్తంగా లేచిపోతుంది, ఎగిరిపడ్డచోట ప్రాణాలు తీస్తుంది.

పెంకులు దింపడం మంచిదే, కాకపోతే తిరిగి పేర్చడానికి. మృగశిర కార్తెకు నెల ముందే దింపి, మంచివాటిని ఏరి, కడిగి, ఆరబెట్టండి. రీపర్లు మార్చండి. వాసం కొసల్ని బాడిశతో తట్టి చూడండి. బోలుగా మోగితే లోపల పుచ్చిపోయిందని అర్థం. పెంకుల కింద నీరు ఆపే షీటు పరిపిస్తే కారడం చాలావరకు తగ్గుతుంది. పగిలినవాటికి బదులు పాత ఇళ్లు పడగొట్టేచోట అదే అచ్చు పెంకులు దొరుకుతాయి. మంగుళూరు పెంకు వెనక ముద్రించిన కార్ఖానా పేరు చూసి తెచ్చుకుంటే కొలత తప్పదు.

3. “గోడలు అడుగున్నర మందం ఉన్నాయి, పైన రెండంతస్తులు వేసినా తట్టుకుంటాయి”

గోడ మందంగా ఉన్నంతమాత్రాన బలంగా ఉన్నట్టు కాదు. మట్టి అడుసులో పేర్చిన గోడ బలం తక్కువ కాబట్టే అంత మందంగా కట్టారు. ఆ మందం దాని సొంత బరువుకూ పెంకు కప్పుకూ సరిపోతుంది.

లెక్క వేసి చూడండి. మంగుళూరు పెంకు, రీపర్లతో కలిపి చదరపు అడుగుకు దాదాపు 6 కిలోలు. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు దాదాపు 29 కిలోలు. ఇరవై అడుగుల పొడవు, పదిహేనడుగుల వెడల్పు ఉన్న గది మీద పెంకు బరువు రెండు టన్నుల లోపు. అదే గదికి స్లాబు పోస్తే ఎనిమిదిన్నర టన్నులు దాటుతుంది. పైన మనుషులు, సామాన్లు, టైల్సు కలవకముందు లెక్క ఇది. పై అంతస్తులో తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేస్తే, ప్రతి అడుగు పొడవుకీ మరో 400 కిలోలు. ఇదంతా ఎక్కడికి దిగుతుంది? రెండడుగుల లోతున ఇటుక ముక్కలూ రాళ్లూ పేర్చిన పునాదిమీదికి. అది నల్లరేగడి నేలైతే తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది.

వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు విషయంలోనూ అంతే. నిండితే ఒక టన్ను. మద్రాసు టెర్రస్ దాబా ఉన్న ఇళ్లలో ట్యాంకును సరిగ్గా దూలాల నడుమ పెట్టినవాళ్లున్నారు. దూలం వంగి, పగులు పడి, ఆ పగుల్లోంచి నీరు దిగి, చివరికి కప్పే పోతుంది. ట్యాంకుకు పెరట్లో విడిగా స్టాండు కట్టించండి.

పై అంతస్తు కావలసిందే అనుకుంటే దాన్ని సొంత పునాదులు, సొంత పిల్లర్ల మీద పాత గోడలకు తగలకుండా లేపే మార్గం ఉంది. అది స్ట్రక్చరల్ ఇంజినీరు గీసి, సంతకం పెట్టాల్సిన పని. “నేను చాలా ఇళ్లకు వేశాను” అనే మాట ఆ సంతకానికి సాటిరాదు. జిల్లాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు కూడా ఇలాంటి పరీక్షలు చేసిపెడుతుంటాయి, అడగండి.

4. “ఈ గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది, వాస్తూ కుదురుతుంది”

పాత ఇంట్లో ఊరికే నిలబడిన గోడ ఉండదు. దూలం కూర్చున్న గోడ బరువు మోస్తుంది. దూలం కూర్చోని అడ్డగోడ కూడా పొడవాటి గోడను పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే ఆ రోజే ఏమీ కాకపోవచ్చు. గట్టి గాలివాన వచ్చిన రోజున, భూమి కదిలిన రోజున తేడా తెలుస్తుంది. మన దగ్గర భూకంపాలు రావన్నది ఒట్టిమాట. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో భూమి కంపించింది.

గుమ్మం జరపాలని వాస్తు సిద్ధాంతిగారు చెప్తే ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఆ ఇంట్లో ఉండేవాళ్ల మనశ్శాంతి కూడా ముఖ్యమే. అయితే సిద్ధాంతిగారు చెప్పిన చోటును ముందు ఇంజినీరుకు చూపించండి. పై బరువును సపోర్టులతో ఆపి, గోడలో లింటెల్ దూర్చి, అది రెండువైపులా ముప్పాతిక అడుగైనా గోడమీద కూర్చున్నాకే కింద ఇటుక తీయాలి. మూలకు కనీసం రెండడుగులు ఎడం ఉండాలి. అలా కుదరని చోట, గోడను ముట్టుకోకుండా చేసే పరిహారం ఏదైనా ఉందేమో సిద్ధాంతిగారినే అడగండి. చాలామంది చెప్తారు.

5. “మండువా మీద కప్పు వేసేయండి, అంత చోటు వృథా ఎందుకు?”

మండువా ఇంటికి ఊపిరి అక్కడే. చాలా లోగిళ్లలో పక్కగోడలకు కిటికీలు ఉండవు, పొరుగిల్లు ఆనుకుని ఉంటుంది. నాలుగువైపులా గదులకు వెలుతురూ గాలీ వచ్చేది ఆకాశం కనిపించే ఆ నలుచదరం నుంచే. వేడెక్కిన గాలి దాంట్లోంచి పైకి పోతుంటే వీధి అరుగు వైపునుంచి, పెరటి వైపునుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మండువాను మూసేస్తే మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. చెమ్మ ఆరదు, బట్టలకు ముక్కవాసన పడుతుంది, అల్మరాలో పుస్తకాలకు బూజు పడుతుంది.

పైగా నాలుగు కప్పుల వాలూ మండువాలోకే దిగుతుంది. దాన్ని మూసినవాళ్లు ఆ నీటికి లోయల్లాంటి తొట్లు పెట్టాల్సి వస్తుంది. ఒక్క తొట్టిలో ఆకు అడ్డం పడితే నీళ్లు నేరుగా గోడ నెత్తిన దిగుతాయి.

పిల్లలు జారిపడతారనీ, కోతులూ దొంగలూ దిగుతారనీ భయముంటే ఇనుప జాలీ వేయించండి. జల్లు కొడుతుంటే చూరుకంటే రెండడుగుల ఎత్తున పారదర్శకమైన షీటు వేసి నాలుగువైపులా తెరిచి ఉంచండి. అన్నిటికంటే ముందు మండువాలోని తూము తవ్వించి శుభ్రం చేయించండి. మండువాలో నీళ్లు నిలుస్తున్నాయని విసిగిపోయి మూసేద్దామనుకునే ఇళ్లలో చాలాచోట్ల తప్పు పూడిపోయిన తూముదే.

6. “కొత్త గదుల్ని పాత గోడకు అతికించేయండి, ఒక గోడ ఖర్చు మిగులుతుంది”

పాత భాగం కుంగాల్సినంత ఎప్పుడో కుంగిపోయింది. కొత్త భాగం మొదటి కొన్నేళ్లు కుంగుతుంది. రెంటినీ ఇనుప చువ్వలతో బిగిస్తే, కొత్తది దిగుతూ పాతదాన్ని లాగుతుంది. పగుళ్లు అతుకు దగ్గరే పడవు, పాత గోడలో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడ తేలతాయి. స్లాబు అంచును పాత గోడలో దూర్చడం మరీ ప్రమాదం. పెంకు మాత్రమే మోసిన గోడకు అది ఒక్కసారిగా టన్నుల బరువు ఎత్తుతుంది.

కొత్త గదులకు నాలుగు గోడలూ వాటివే కట్టించండి. పాత గోడకూ కొత్త గోడకూ మధ్య అంగుళం సందు వదిలి, పైన నీరు దిగకుండా రేకు మడత పెట్టించండి. పునాది తవ్వేటప్పుడు పాత పునాదికంటే లోతుగా దాని పక్కనే గొయ్యి తీయనివ్వొద్దు. పాత గోడ కింద మట్టి జారితే ఆ రాత్రే గోడ ఒరగొచ్చు. స్థలం ఉంటే కొత్త గదుల్ని పెరటివైపు కాస్త ఎడంగా కట్టి, మధ్యలో చిన్న వసారా కలపండి. గాలి కూడా ఆగదు.

స్నానాల గదులూ మరుగుదొడ్లూ ఈ కొత్త భాగంలోనే ఉండాలి. మట్టి అడుసు గోడకు ఆనుకుని బాత్‌రూము కడితే పైపు ఎక్కడ కారుతోందో గోడ మెత్తబడేదాకా తెలియదు. మరుగుదొడ్డి ఇంకుడు గొయ్యి మంచినీళ్ల బావికి కనీసం 18 మీటర్లు, అంటే అరవై అడుగుల దూరంలో ఉండాలి. మీ బావికే కాదు, పక్కింటివాళ్ల బావికీ ఇదే కొలత.

7. “పాత కలప అమ్మేయండి, కొత్త తలుపుల ఖర్చు తీరుతుంది”

కొనేవాళ్లు ఇంటికే వస్తారు. మీరు పని మొదలుపెట్టారని వాళ్లకు ఎలాగో తెలుస్తుంది. ద్వారబంధాలూ స్తంభాలూ దూలాలూ కలిపి ఒక ధర చెప్తారు. ఆ కలపలో రంగం (రంగూన్) నుంచి ఓడల్లో కాకినాడ, విశాఖ రేవులకు దిగిన బర్మా టేకు ఉండవచ్చు. అడవిలో దశాబ్దాలపాటు నెమ్మదిగా పెరిగిన చెట్టు తాలూకు చేవ అది. ఇప్పుడు అడితిలో దొరికే తోట టేకు దానికి సాటిరాదు. ముదురు తాడి వాసాలదీ అదే గట్టిదనం. అమ్మిన డబ్బుతో మీరు కొనేది ఫ్లష్ డోర్లు. కోస్తా చెమ్మకు అవి ఉబ్బి నాలుగైదేళ్లలో గొళ్లెం పడకుండా పోతాయి.

పుచ్చిన దూలానికి కూడా వైద్యం ఉంది. కొస మాత్రమే పోయి ఉంటే అంతమేరకు కోసి, మంచి కలప అతికి, ఇనుప పలకలతో బోల్టులు బిగించే పద్ధతి తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు. చెద కనిపిస్తే పుట్ట దాకా వెతికి, నేలకు మందు పెట్టించండి. కలపకు పైపైన రంగు పూయడం చెదను దాచిపెట్టడమే అవుతుంది.

ఆ తలుపుల మీది పాత ఎనామిల్ రంగును పొడిగా గీకించొద్దు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందరి రంగుల్లో సీసం ఎక్కువగా ఉండి ఉండవచ్చు. ఆ ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తడిపి గీకించండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ దరిదాపులకు రానివ్వకండి, రాలిన పొట్టును పెరట్లో పారబోయకండి.

8. “అమ్మగారిని కొన్నాళ్లు మీ దగ్గరికి తీసుకెళ్లండి, వచ్చేసరికి ఇల్లు మారిపోయి ఉంటుంది”

దుమ్మూ చప్పుళ్లూ ఉన్న రోజుల్లో ఆవిడను పక్కింట్లోనో చుట్టాల ఇంట్లోనో ఉంచడం అవసరమే. ఆవిడను అడక్కుండా ఇల్లు మార్చడం మాత్రం పెద్ద తప్పు. ఏ మూల ఎన్నో వానకు కారడం మొదలవుతుందో, బావిలో నీళ్లు ఏ నెలలో అడుగంటుతాయో, ఏ గోడ ఎప్పుడు కట్టారో, దేని కింద పాత కాలవ ఉందో ఆవిడకు తెలుసు. అది ఏ ఇంజినీరు రిపోర్టులోనూ దొరకదు. మొదటి ప్లాను ఆవిడ పక్కన కూర్చుని గీయించండి.

ఇంకో సంగతి. ఆవిడ ఆ ఇంట్లో చీకట్లో కూడా నడవగలదు. ఏ గడప ఎంత ఎత్తో కాళ్లకు తెలుసు. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ వేసి, ఒక గదిని నాలుగంగుళాలు ఎత్తు చేసి, స్విచ్చులన్నీ చోటు మార్చేస్తే తడబడక తప్పదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ మునుపటిలా నడవడం కష్టం.

తాండూరు బండలో బేతంచెర్ల నాపరాళ్లో ఉంటే వాటినే ఉంచండి, నున్నగా పాలిష్ మాత్రం పట్టించకండి, తడిలో కాలు జారుతుంది. పడకగదికి పది అడుగుల్లో బాత్‌రూము, దాంట్లో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, గరుకు టైల్సు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు: ఈ ఇంట్లో మొదటి ఖర్చు వీటిమీద పెట్టండి.

9. “ముందు పని కానివ్వండి, వాటాల సంగతి తర్వాత చూసుకుందాం”

ఇల్లు బాగుపడితే అందరూ సంతోషిస్తారన్నది మంచి మనసుతో అనే మాటే. కానీ బాగుపడిన ఇంటి విలువ పెరుగుతుంది, దాంతో పాటే తగువు విలువా పెరుగుతుంది. మూడొంతుల డబ్బు పెట్టిన తమ్ముడు తన మాటే చెల్లాలంటాడు. పైసా పెట్టలేకపోయిన అన్న చిన్నబుచ్చుకుంటాడు. ఆడపడుచులను అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

ఆడపిల్లల హక్కు మర్యాదకు ఇచ్చేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లు, కానివాళ్లు అన్న తేడాను తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు పూర్తయి ఉంటే వాటిని తిరగదోడరు.

కాబట్టి తాపీ పని కంటే ముందు కాగితం పని. అక్కచెల్లెళ్లతో సహా హక్కుదారులందరినీ కూర్చోబెట్టండి. రాలేనివాళ్లను ఫోన్లో కలపండి. ఎవరు ఎంత పెడుతున్నారు, అది అప్పా, కానుకా, వాటాలో జమా అన్నది రాసుకోండి. పంచుకునేట్టయితే భాగపంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించండి. ఎవరైనా తమ వాటా వదులుకుంటే హక్కు విడుదల పత్రం కూడా రిజిస్టరు కావాలి. పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి, వాటికి దస్తావేజులే ఉండవు. బ్యాంకు అప్పు అక్కడే ఆగిపోతుంది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద మీ ఊరి నివాస స్థలాల సర్వే జరిగిందా, ఆ సర్వే తర్వాత ఇచ్చే ఆస్తి కార్డు ఎవరి పేరున ఉందన్నది పంచాయతీలో కనుక్కోండి. అదనపు గదులకు పంచాయతీదో మునిసిపాలిటీదో అనుమతి తీసుకోండి.

10. “చదరపు అడుక్కింతని ఒకరికే ఇచ్చేయండి, ముహూర్తానికి తాళం చేతిలో పెడతారు”

కొత్త ఇంటికి చదరపు అడుగు లెక్క కుదురుతుంది, ఎందుకంటే ఎంత పని ఉందో ముందే తెలుసు. పాత ఇంట్లో పూత ఒలిచేదాకా, పెంకు దింపేదాకా ఎంత పని ఉందో ఎవరికీ తెలియదు. ఒకే ధరకు ఒప్పుకున్న మనిషికి పుచ్చిన దూలం కనిపిస్తే అతనికి రెండే దారులు: నష్టపోవడం, లేదా సీలింగు కొట్టి దాన్ని దాచేయడం. అతన్ని ఆ ఇరకాటంలో పెట్టింది మీ ఒప్పందమే.

పనిని దశలుగా విడదీసి, ఒక్కో దశకు వేరే ధర మాట్లాడండి. నీళ్లను ఇంటినుంచి మళ్లించడం మొదటిది. కప్పు రెండోది. గోడలు, దూలాలు మూడోది. కరెంటు, నీళ్ల పైపులు నాలుగోది. కొత్త గదులు అయిదోది. రంగులు అన్నిటికంటే చివర. ప్రతి దశకూ కూలీ విడిగా, సరుకు విడిగా రాయించండి. దాచిన డబ్బంతా ఒప్పందంలో పెట్టకండి, విప్పిచూశాక బయటపడే పనికి కొంత చేతిలో ఉంచుకోండి.

కరెంటులో మాత్రం పాతది ఏదీ ఉంచొద్దు. చెక్క బద్దీల మీద సాగిన పాత వైర్లు ఏసీకీ గీజరుకీ వేసినవి కావు. తడి గోడలూ పాత వైర్లూ ఒకచోట ఉంటే ప్రాణాలమీదికి వస్తుంది. సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక పెట్టించండి.

ముహూర్తాన్ని పని చివర చూసి పెట్టుకోండి. తేదీ ముందే ఖాయమైతే తొందరలో మొదట తగ్గేవి తడపడం, ఆరనివ్వడం. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబు కింద సపోర్టులు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకా ఆగడం మేలు. సున్నపు పూత అంతకంటే నిదానం, వారాల తరబడి గాలి తగలాలి. ఈ రోజుల్ని ఎవరి ముహూర్తం కోసమూ కుదించకూడదు.

ఏ సలహా విన్నా అడగాల్సినవి

సలహాలు పదితో ఆగవు. రేపు పదకొండోది వస్తుంది, అది చెప్పేవాళ్లు మీకు బాగా కావలసినవాళ్లే అయివుంటారు. వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఈ పని చేశాక నీళ్లు ఎటు పోతాయి? బరువు దేనిమీద దిగుతుంది? దీనికి ఎవరెవరు ఒప్పుకోవాలి? మూడింటికీ జవాబు చెప్పగలిగినవాళ్లు చదువుకున్న ఇంజినీరైనా, సంతకం రాని మేస్త్రి అయినా, వంటింట్లో ఉన్న అమ్మమ్మ అయినా వాళ్ల మాట వినండి. చెప్పలేనివాళ్ల సలహాను, ఎంత ప్రేమగా చెప్పినా, పక్కన పెట్టండి.

పని మొదలుపెట్టేముందు ఒక్క వానాకాలం ఇంటిని గమనించండి. కారిన ప్రతిచోటా గోడమీద తేదీ వేయండి. పగులు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి, అది పెరుగుతోందో ఆగిందో చూడండి. ఆ వానలు వెలిశాక మాత్రం ఆలస్యం చేయొద్దు. పాత ఇంటికి తప్పుడు మరమ్మతు ఎంత చేటో, “వచ్చే ఏడు చూద్దాం” అని తాళం వేసి వెళ్లిపోవడమూ అంతే చేటు. పొయ్యి వెలగని, తలుపు తీయని ఇంటికి చెదలు తొందరగా పడతాయి. జారిన పెంకును ఈ ఏడు సర్దించకపోతే దాని కింద వాసం, ఆ తర్వాత దూలం పోతాయి. మొత్తం పనికి డబ్బు లేకపోతే చూరు నీళ్లు మళ్లించండి, కప్పు సర్దించండి. ఈ రెండూ చేసిన ఇల్లు మిగతావాటి కోసం ఆగగలదు.